లేసు సెంటర్లో లేవని సర్వర్

నిడదవోలు దాటాక ఆ ప్యాసింజరు రైలు ఎప్పుడూ నన్ను సగం నిద్రలోకి తీసుకెళ్తుంది. ఆ రోజూ అంతే. కిటికీ ఊచలకు తల ఆనించి కూర్చున్నాను. వాన వెలిసి ఎంతోసేపు కాలేదు. నాట్లు పడిన చేలల్లో నీళ్లు నిలిచి, ఆకాశం ఎక్కడ ఆగిందో చేను ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. తణుకులో ఎవరో పెద్దాయన నా పక్కన కూర్చుని ఏదో చెప్పడం మొదలుపెట్టారు. నేను తల ఊపుతూనే ఉన్నాను. భీమవరం దగ్గర కళ్లు తెరిస్తే ఆ చోట పూలబుట్టతో ఒకావిడ ఉంది. ఆయన ఏం చెప్పారో, ఎప్పుడు దిగిపోయారో తెలియలేదు.

తెలియకపోవడానికి నిద్ర ఒక్కటే కారణం కాదు. ఆయన నా ఎడమ పక్కన కూర్చున్నారు. ఆ ఏడాది నా ఎడమ చెవి మెల్లమెల్లగా మూతపడుతోంది. మొదట్లో దూరంగా ఎక్కడో రైసుమిల్లు ఆడుతున్నట్టు ఒక రొద వినబడేది. తర్వాత ఆ రొద వెనక్కి మనుషుల మాటలు వెళ్లిపోవడం మొదలుపెట్టాయి. ఏళ్ల తరబడి సర్వర్ గదుల్లో ఫ్యాన్ల హోరు మధ్య పనిచేయడం కొంత, వయసుతో వచ్చింది కొంత అన్నారు రాజమండ్రిలో డాక్టరుగారు. మిషను పెట్టుకుంటే మంచిదన్నారు. ఆ చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నాను. ఇంట్లో చెప్పలేదు, ఆఫీసులో అసలే చెప్పలేదు. ఫోను కుడిచెవికి మార్చుకున్నాను, నలుగురిలో కూర్చోవాల్సి వస్తే గోడ ఎడమవైపు ఉండేలా చూసుకునేదాన్ని. ఎవరూ కనిపెట్టలేదనే అనుకున్నాను.

నా పని పాడైన సర్వర్లను బాగుచేయడం. రాజమండ్రిలో మాది చిన్న కంపెనీ. బ్యాంకులు, కాలేజీలు, ఆక్వా ఆఫీసులు, ఆస్పత్రులు, ఎక్కడ పెట్టె మొరాయిస్తే అక్కడికి వెళ్తాను. ఆ రోజు కబురు నరసాపురం నుంచి వచ్చింది. లేసు అల్లించి బయటి దేశాలకు పంపే సెంటరు అది.

స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి వెళ్లేసరికి మళ్లీ చినుకులు. పాత డాబా ఇల్లు. కింద వరండాలో తాళ్ల మీద తెల్లటి లేసు గుడ్డలు ఆరేసి ఉన్నాయి. వానాకాలం కదా, ఎండ కోసం చూడకుండా వాటికింద టేబుల్ ఫ్యాన్లు పెట్టారు. ఆ గాలికి అవన్నీ లేచి, నిలబడి, మళ్లీ మెల్లగా వాలుతున్నాయి. వాటి మధ్యలోంచి తల వంచుకుని వెళ్తుంటే గంజి వాసన, తడి నూలు వాసన. నా చెవికి ఆ ఫ్యాన్ల చప్పుడు సగమే అందుతోంది. నీళ్లలో నడుస్తున్నట్టు ఉంది.

మేడమీద పెద్ద హాల్లో చాపలమీద ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. చేతుల్లో సూదులున్నాయిగానీ ఎవరూ అల్లడం లేదు. నన్ను చూసి సర్దుకుని కూర్చున్నారు, డాక్టరు వచ్చినప్పుడు వార్డులో కూర్చున్నట్టు. సెంటరు నడిపే ఆవిడకు ముప్పయ్యయిదేళ్లు ఉంటాయేమో, మెట్ల దగ్గరే ఎదురొచ్చింది.

"రండి మేడమ్. టీ తాగుతారా, ముందు చూసేస్తారా?"

"చూసేస్తానండి. అసలేం జరిగింది?"

"నిన్న వానకి కరెంటు పోయి వచ్చిందండి. అప్పట్నుంచి లేవట్లేదు. ఆన్ చేస్తే ఒకటే అరుపు, విమానం ఎగిరినట్టు. స్క్రీన్ మీదేమో ఏమీ రాదు. ముందర నారింజ లైటొకటి కొట్టుకుంటా ఉంటుంది."

హాలు చివర చిన్న గది. అందులో బల్ల కింద నిలువుగా నిలబెట్టిన నల్లటి పెట్టె. కిటికీ వారగా తెరిచి ఉంది. అక్కడికి సముద్రం ఎంతో దూరం లేదు. కిటికీ ఊచలు తుప్పుతో పొరలు లేచి ఉన్నాయి. ఊచల్ని అలా చేసిన గాలే ఆ పెట్టెలోకీ వెళ్తోందని చూడగానే అర్థమైంది.

ఆ గదిలో ఒక పెద్దావిడ కుర్చీలో కూర్చుని ఉంది. నేత చీర, నుదుట పెద్ద బొట్టు. కుడిచెయ్యి ఒళ్లో ఒక పక్కకి ఒరిగి ఉంది, ఎడమచేత్తో దాన్ని పట్టుకుని ఉంది. అందరూ మామ్మగారంటారని చెప్పి, సెంటరావిడ తలుపు బయటికి తీసుకెళ్లి గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. ఆవిడ గొంతు తగ్గిస్తే నాకు వినబడదు కనుక కుడిచెవి ఆవిడవైపు తిప్పి నిలబడ్డాను.

మామ్మగారు ఆవిడకు పెద్దమ్మ. ఆ చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లే ఆడవాళ్లలో చాలామంది ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లే. కొత్త మోడళ్లన్నీ ఆవిడ చేతిలోంచి వచ్చాయి. కాగితం మీద గీసింది లేదు, ఎవరికీ లెక్క రాసిచ్చింది లేదు. రెండేళ్ల కిందట చెయ్యి కొద్దిగా వణకడం మొదలైనప్పుడు సెంటరావిడ భయపడి, చేతులు పైనుంచి కనబడేలా కెమెరా కట్టి, ఒక్కొక్క మోడల్‌నీ మామ్మగారు మొదటినుంచి చివరిదాకా అల్లుతుంటే వీడియోలు తీయించింది. ఆ తర్వాత మామ్మగారికి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, కాలు కొంత వచ్చింది. చెయ్యి రాలేదు. ఇంట్లో ఉండలేక రోజూ సెంటరుకు వచ్చి కూర్చుంటుంది.

"ఆ వీడియోలన్నీ ఇందులోనే ఉన్నాయండి," అంది సెంటరావిడ. "ఫొటోలైతే ఫోన్లలో ఉన్నాయి, ఆర్డర్లు మెయిల్లో ఉన్నాయి. వీడియోలే లేవు. ఇంకో డిస్కులోకి ఎక్కించేవాళ్లం, అది వీడియోలకి ముందే నిండిపోయింది. కొందాం కొందాం అనుకుంటా ఉండిపోయాం. ఇప్పుడు ఇదిగో, పెద్ద టేబుల్ గుడ్డ ఒకటి సగంలో ఆగిపోయింది. మధ్య పువ్వు నుంచి చుట్టూ వచ్చే వల అల్లికలోకి తిరిగే చోట వీళ్లకి గుడ్డ ముడుచుకుపోతోంది. వీడియో చూసి నేర్చుకుందామంటే ఇది లేవదు."

ఇలాంటప్పుడు నేను ఓదార్పు మాటలు చెప్పను. చూద్దామండి అని కింద కూర్చున్నాను.

ఆన్ చేశాను. ఫ్యాన్లు గట్టిగా అందుకున్నాయి. నారింజ లైటు కొట్టుకోవడం మొదలైంది. స్క్రీన్ నల్లగా ఉంది. స్క్రీన్ నల్లగా ఉన్నప్పుడు సర్వర్ తన బాధ కూతల్లో చెప్తుంది. లోపల చిన్న స్పీకరు ఉంటుంది. ఎన్నిసార్లు కూసి, ఎక్కడ ఆగి, మళ్లీ ఎన్నిసార్లు కూసిందో లెక్కపెడితే ఏ భాగం తప్పిందో తెలుస్తుంది. ఎన్నో ఏళ్లు ఆ కూతలు వింటూ బతికాను. ఇప్పుడు వంగి, కుడిచెవి పెట్టెకు ఆనించినా ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ రావడం లేదు. ఆపి, మళ్లీ వేశాను. చెవిలో రైసుమిల్లు, బయట వాన, ఫ్యాన్లు, అన్నీ ఒకటే నీళ్లయి కలిసిపోయాయి. ఆ నీళ్ల అడుగున ఎక్కడో పిట్ట కూసినట్టు అనిపించింది. లెక్క అందలేదు.

"రెండు. ఆగింది. నాలుగు," అంది మామ్మగారు.

తలెత్తి చూశాను. ఆవిడ నావైపు కాదు, కిటికీలోంచి వానను చూస్తోంది.

"కూతలేనాండి మీరు చెప్పేది?"

"ఆయ్. నిన్నట్నుంచీ అదే కూస్తంది కదమ్మా. రెండు, ఆగి నాలుగు, మళ్లీ రెండు, ఆగి నాలుగు. లెక్కపెట్టడం నాకు అలవాటు. చెయ్యి పోయిందిగానీ లెక్క పోలేదు." ఇటు తిరిగింది. "నీకు వినబళ్లేదా?"

సెంటరావిడ టీ తేవడానికి అప్పటికే కిందికెళ్లింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఎందుకో, అబద్ధం నోటిదాకా రాలేదు.

"ఎడంచెవి పోతోందండి మామ్మగారూ. కుడిది కూడా అంత బాగాలేదు."

"మీవాళ్లకి చెప్పేవా?"

"లేదండి. ఎవరికీ చెప్పలేదు. మీకే."

ఆవిడ అయ్యో అనలేదు. కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని, పెట్టె పక్కకి వచ్చి కూర్చుంది. "సరే, నువ్వు చెయ్యి. నేను వింటాను," అంది.

రెండు, ఆగి నాలుగు. ఆ మోడల్‌లో దానర్థం మెమరీ తప్పిందని. కరెంటు తీగ పీకేసి, లోపల మిగిలిన కరెంటు పోయేదాకా బటన్ నొక్కి పట్టుకుని, పక్క రేకు తెరిచాను. లోపల సన్నటి నూలు పోగులు. వలలా అల్లుకుని, దుమ్ముతో కలిసి, ఫ్యాన్ల రెక్కలకీ తీగలకీ పట్టి ఉన్నాయి. ఆ ఇంట్లో గాలిలో కూడా దారం ఉంది. బ్రష్షుతో మెల్లగా తీస్తుంటే మామ్మగారు వంగి చూసి, "మా వాళ్లకన్నా బానే అల్లింది," అంది.

మెమరీ కార్డులు ఒక్కొక్కటీ ఊడదీశాను. అంచున బంగారు రంగు పళ్లుంటాయి. ఉప్పుగాలికి అవి మసకబారాయి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే మెరుపొస్తుంది. చాలా చిన్న పని అది. రుద్దడం, ఊదడం, వెలుతురులో పట్టుకుని చూడడం. వాన మళ్లీ పెద్దదైంది. ఆ చప్పుడు నాకు బాగానే వినబడుతుంది, పెద్ద వాన ఎప్పుడూ నన్ను వదల్లేదు. నేను ఒకచోట పనిలో ఉన్నానన్న సంగతి కూడా మరిచిపోయాను. చిన్నప్పుడు జ్వరమొచ్చి పడుకుంటే ఇంట్లో పనులు దూరంగా జరిగిపోతుంటాయే, అలా ఉంది.

ఒక కార్డు పెట్టి ఆన్ చేశాను.

"ఒకటే కూసింది," అంది మామ్మగారు. "పొట్టిగా."

ఒక్క కూతంటే మెమరీ బాగున్నట్టు. స్క్రీన్ వెలిగింది. ఒక్కొక్క కార్డే పెడుతూ వెళ్తే అన్నీ నిలబడ్డాయి, ఒకటి తప్ప. దాన్ని పక్కన పెట్టాను.

టీ గ్లాసులతో సెంటరావిడ వచ్చేసరికి స్క్రీన్ మీద ఇంగ్లీషులో మూడు హెచ్చరికలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక ఫ్యాను తిరగడం లేదు. లోపలి బ్యాటరీ అయిపోయింది. ఒక హార్డ్ డిస్కు పలకడం లేదు. అన్నిటికిందా, లేవడానికి కావాల్సింది దొరకలేదన్న సర్వర్ మాట.

ఆవిడ మొహం చూసి చెప్పాను. "ఇవన్నీ ఇవాళ్టివి కావండి. ఫ్యాను ఎప్పుడో ఆగి ఉంటుంది, దారం చుట్టుకుని. మీకు చెప్తానే ఉండుంటుంది, ఎవరూ చూసుండరు. బ్యాటరీ మెల్లగా అయిపోతా వచ్చింది. నిన్న కరెంటు పోయేసరికి అన్నీ ఒక్కసారి బయటపడ్డాయి."

"మరి డిస్కు?"

"అదే చూడాలండి."

రూపాయి బిళ్లంత బ్యాటరీ అది. బజారులో వాచీల కొట్టులో దొరుకుతుంది. ఆవిడే స్కూటీ మీద వెళ్లి తెచ్చింది. ఆ బ్యాటరీ పోతే సర్వర్ తేదీ మరిచిపోతుంది, తన డిస్కులు ఏ పద్ధతిలో కట్టి ఉన్నాయో అదీ మరిచిపోతుంది. కొత్తది వేసి తేదీ సరిచేశాను. ఫ్యానుకు చుట్టుకున్న దారం కత్తెరతో కోసి తీశాను. తర్వాత డిస్కుల దగ్గరికి వచ్చాను.

ఆ పెట్టెలో రెండు డిస్కులు జంటగా ఉంటాయి. రెండిట్లోనూ ఒకటే రాసి ఉంటుంది, ఒకటి పోతే రెండోది కాపాడాలని. ఒకటి పూర్తిగా పోయింది. చేతిలోకి తీసుకుని కదిపితే లోపల గరగరమన్న కదలిక వేళ్లకు తెలిసింది. రెండోది బతికే ఉంది. కానీ సర్వర్ దాన్ని గుర్తుపట్టడం లేదు. ఈ డిస్కు మీద ఎవరిదో పాత అమరిక కనబడుతోంది, తీసుకోమంటారా, తుడిచేయమంటారా అని అడుగుతోంది. రెండు మాటలూ పక్కపక్కనే, ఒకే రంగులో ఉన్నాయి.

"తప్పు నొక్కితే?" అంది సెంటరావిడ నా వెనక నుంచి. నాకు వినబడలేదు. మామ్మగారు మళ్లీ చెప్పింది నాకు.

"తప్పు నొక్కితే పోతాయండి."

"పోతే మామ్మగారికి ఎలా చెప్తామండి?"

"నాకు చెప్పక్కర్లేదే, నేనిక్కడే ఉన్నాను," అంది మామ్మగారు.

అప్పుడు కూడా ఎవరూ నవ్వలేదు. నేను ఆ వరుస మళ్లీ చదివాను. బాణం గుర్తు ఏ మాట మీద ఉందో వేలు పెట్టి చూసుకున్నాను. సెంటరావిడకు చూపించి, ఆవిడ చేత పైకి చదివించాను. నొక్కాను.

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత డిస్కు లైటు పచ్చగా ఒకసారి మెరిసి ఆగి, మళ్లీ మెరిసింది. తర్వాత వరుసగా మినుకుమంటూ పోయింది. తెర నీలంగా మారి, వాళ్లకు అలవాటైన లేసుపువ్వు బొమ్మ వచ్చింది. హాల్లోంచి ఎవరో ఏమైందని అడిగితే, సెంటరావిడ వచ్చిందని చేత్తో సైగ చేసింది.

అప్పుడే వీడియోలు పెట్టుకోవద్దన్నాను. ఒక్క డిస్కు మీద నిలబడి ఉంది, ముందు ఇంకోచోటికి ఎక్కించాలి. నా బ్యాగులో ఖాళీ డిస్కు ఉంది, దాన్ని తగిలించి కాపీ మొదలుపెట్టాను. ఆ మధ్యాహ్నమంతా అది సాగింది. నాకు పప్పుచారు, చేపల వేపుడు పెట్టారు. తిన్నాక కళ్లు వాలిపోయాయి. గోడకు ఆనుకుని కాసేపు కునుకు తీశాను. కలలో ఏదో పెద్ద తెల్లటి వల నీళ్లమీద పరిచి ఉంది, దాని కిందినుంచి ఎవరో లెక్కపెడుతున్నారు. లేచి చూస్తే మామ్మగారు నిజంగానే లెక్కపెడుతోంది, పెదాలు కదుపుతూ, ఆ పచ్చలైటు చూస్తూ.

కాపీ అయ్యాక టేబుల్ గుడ్డ వీడియో తెరిచారు. హాల్లో ఆడవాళ్లంతా గదిలోకి వచ్చారు. పట్టనివాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. మామ్మగారిని దగ్గరికి జరగమంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"నాకెందుకే. నా చేతులు ఉన్నప్పుడే చూసుకోలేదు."

తీసిన రోజునుంచి ఆవిడ ఆ వీడియోలు ఒక్కటీ చూడలేదట. అయినా కుర్చీ కదలలేదు, తల తిప్పుకోలేదు.

తెరమీద రెండు చేతులు. పైనుంచి తీసిన వీడియో గనుక మొహం లేదు. సన్నటి ముడతలు పడిన వేళ్లు, గాజులు, సూది. దారం ఎక్కడినుంచి వస్తోందో కనబడనంత వేగంగా పువ్వు రేకు పుట్టుకొస్తోంది. అందులో ఆవిడ గొంతు కూడా ఉందట, లెక్క చెప్తూ. నాకు అది అందలేదు, నేను చేతులే చూశాను. రేకు పూర్తయి వలలోకి తిరిగే చోట సెంటరావిడ వీడియో నెమ్మది చేసింది.

"ఆపు," అంది మామ్మగారు. "వెనక్కి పోనీ. ఇంకొంచెం. అదేంటది, ఎడంచేతి చిటికెన వేలు?"

అందరూ వంగారు. మలుపు తిరిగే ముందు, ఎడమచేతి చిటికెన వేలు దారాన్ని ఒక్క క్షణం కిందికి లాగి వదులుతోంది. అంతే. మళ్లీ చూశారు. తర్వాత మలుపు దగ్గర కూడా అదే.

"ఇది నాకు మీరెప్పుడూ చెప్పలేదు పెద్దమ్మా," అంది సెంటరావిడ.

"నేను చేస్తన్నానని నాకు తెలిస్తే కదే చెప్పడానికి." ఆవిడ ఆ వేలినే చూస్తోంది. "వీళ్లని ఎన్నాళ్లు తిట్టేను, మలుపు ముడుచుకుపోతందేంటే, చేతులా కాళ్లా అవి అని. పిల్లముండ ఈ వేలు ఇక్కడ కూర్చుని దొంగతనంగా పని చేసుకుంటంది."

గుమ్మంలో నిలబడ్డ ఒకామె ముందు నవ్వింది. ఆ నవ్వు గదంతా పాకింది. మామ్మగారూ నవ్వింది, నోటికి ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత కుర్చీ తనే ముందుకు లాక్కుంది. ఎడమచేతి చిటికెన వేలు ఒళ్లో ఒకసారి కిందికి లాగి వదిలింది. అది ఇంకా పనిచేస్తోంది. పువ్వు చేతిలో ఉన్న ఒకమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, దారం తన వేలికి చుట్టించుకుంది. సూది ఆ అమ్మాయిది, వేలు ఈవిడది. ఇద్దరూ కలిసి ఆ మలుపు తిప్పడానికి చాలాసార్లు పట్టింది. గుడ్డ బల్లమీద పరిచినప్పుడు ఆ మలుపు చదునుగా పడుకుంది.

పోయిన డిస్కుకు బదులు కొత్తది వేయడానికి, ఆ వారమే మళ్లీ వెళ్లాను. కిటికీ మూయించాను, పెట్టెకు ముందు పలచటి గుడ్డ జాలీ కట్టించాను. ఆరునెలల్లో వాళ్లు వేరే సర్వర్ కొనుక్కున్నారు. నాకు చెవి మిషను కాకినాడలో అమర్చారు. ముందు మా ఆయనకు చెప్పాను, నాకెప్పుడో తెలుసు, నువ్వే చెప్తావని చూస్తున్నానన్నారు. ఆఫీసులో చెప్పిన రోజు మా సారు టీ తెప్పించి, ఇక నుంచి ఫోన్లన్నీ వేరేవాళ్లు ఎత్తుతారు, మీరు పెట్టెల సంగతి చూడండి చాలన్నారు. అంతకంటే ఏమీ జరగలేదు. మామ్మగారి చెయ్యి తిరిగి రాలేదు. ఆవిడ ఇప్పటికీ సెంటరులోనే కూర్చుంటుంది, వీడియోలన్నీ వరుసగా చూసి తన వేళ్లు ఇంకా ఏమేం చేశాయో పట్టుకుంటోందట.

ఆ మొదటిరోజు సాయంత్రం నేను రైలుకు వెళ్లలేదు. గోదారి దాటి, సఖినేటిపల్లి వైపునుంచి బస్సులో వెళ్దామనిపించింది, కారణమంటూ లేదు. రేవులో మనుషుల్నీ బళ్లనీ దాటించే పంటు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల వ్యాను, గొడుగుల కింద మనుషులు. నది నిండుగా, ఎర్రగా ఉంది. అవతలి గట్టు వానలో మసకగా, ఉందో లేదో అన్నట్టు ఉంది. మధ్యలోకి వచ్చాక ఇంజను చప్పుడు కూడా తేలికైపోయింది. పక్కన నిలబడ్డ ఒకావిడ నాతో ఏదో అంది. వినబడలేదు.

"ఈ చెవి వినబడదండి, ఇటు రండి," అన్నాను.

ఆవిడ అటునుంచి ఇటు వచ్చి, తన గొడుగు నామీదికి కూడా జరిపి, మళ్లీ మొదటినుంచి చెప్పింది.